రాణి చెర – పాఠకుల తీర్పు



మా గ్రంథాలయం మాస్టారి పేరు మీద జరిగే ఈ సభలో మాట్లాడమని అడిగినప్పుడు పాఠకుల గురించే మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. ఆయన పుస్తకాలు రాయలేదు, చదివించారు. గ్రంథాలయంలో పుస్తకం తిరిగిచ్చే మనిషిని కూర్చోబెట్టి ఎలా ఉందని అడిగేవారు. బాగుందంటే వదిలేవారు కాదు. ఏది బాగుంది, ఎక్కడ విసుగొచ్చింది, ఎవరి మీద కోపమొచ్చింది అని కూపీ లాగేవారు. పత్రికలో వచ్చిన సమీక్షకంటే మామూలు చదువరి నోట వచ్చిన మాటకి ఎక్కువ విలువిచ్చేవారు. ఆ అలవాటు మా చదువరుల బృందంలో ఇంకా నిలిచి ఉంది. ఈమధ్య మేం కలిసి చదివిన ఒక ఇంగ్లీషు చారిత్రక నవల మీద వచ్చిన అభిప్రాయాలే ఈ ఉపన్యాసానికి ముడిసరుకు.

ఆ నవల అలిసన్ వియర్ రాసిన 'ద క్యాప్టివ్ క్వీన్'. 2010లో వచ్చింది. కథానాయిక 12వ శతాబ్దపు రాణి ఎలినార్ ఆఫ్ అక్విటేన్. అక్విటేన్ అంటే నేటి ఫ్రాన్స్‌లో నైరుతి వైపు ఉన్న సంపన్నమైన సీమ. 1137లో తండ్రి పోతే, ఆయనకి కొడుకులు లేకపోవడంతో ఆ సంస్థానమంతా టీనేజీ పిల్ల చేతికొచ్చింది. అదే ఏడు ఫ్రాన్స్ యువరాజుతో పెళ్ళి. పెళ్ళయిన కొద్ది రోజులకే మామగారు పోయారు, పెనిమిటి ఏడో లూయీ రాజయ్యాడు. పదిహేనేళ్ళ కాపురం, ఇద్దరు ఆడపిల్లలు, మధ్యలో భర్త వెంట రెండో క్రూసేడ్ యాత్ర. 1152 మార్చిలో, దగ్గరి చుట్టరికం ఉందని చెప్పి ఆ పెళ్ళిని రద్దు చేశారు. రెండు నెలలకే ఆమె తనకంటే దాదాపు పదేళ్ళు చిన్నవాడైన హెన్రీని చేసుకుంది. 1154లో అతను ఇంగ్లండ్‌కి రెండో హెన్రీ రాజయ్యాడు. అలా ఒకే మనిషి రెండు రాజ్యాలకి రాణి అయింది.

హెన్రీతో 8 మంది పిల్లలు, అందులో అయిదుగురు కొడుకులు. పెద్దవాడు పసితనంలోనే పోయాడు. 1173లో ముగ్గురు కొడుకులు తండ్రి మీద తిరగబడ్డారు. తల్లి వాళ్ళ పక్షాన నిలబడింది. మగవేషంలో వెళ్తుండగా పట్టుబడిందని కాంటర్‌బరీకి చెందిన జెర్వేస్ అనే సన్యాసి రాశాడు. 1174 జూలైలో ఓడెక్కించి ఇంగ్లండ్ తెచ్చారు. 1189 జూలైలో హెన్రీ చనిపోయేదాకా ఆమె చెరలోనే ఉంది. పట్టుబడేనాటికి సుమారు యాభై ఏళ్ళు, బయటికొచ్చేనాటికి అరవై అయిదు.

ఇంత జీవితాన్ని నవలగా మలిస్తే ఎలా ఉంటుందన్న ఆశతోనే మేమంతా పుస్తకం పట్టుకున్నాం. అందుకే అభిప్రాయాలు కూడా ఘాటుగానే వచ్చాయి.

మొట్టమొదటి ఫిర్యాదు పడకగది గురించి. నవల 1151లో పారిస్ రాజసభలో, ఎలినార్ హెన్రీని చూడటంతో మొదలవుతుంది. చూపు కలిసిన కొద్ది పేజీలకే శయ్య దాకా వెళ్తుంది. ఆ తర్వాత కూడా భార్యాభర్తల మధ్య రాజకీయం ఎంత ఉందో శృంగారం అంతకి మించి ఉంది. చరిత్ర బోధించి రిటైరైన ఒక పెద్దాయన వంద పేజీలు దాటకుండానే పుస్తకం తిరిగిచ్చేశారు. ఆయన బాధలో న్యాయం ఉంది. నవల రాయకముందు వియర్‌కి చరిత్రకారిణిగా పేరు. ఇదే రాణి మీద 1999లో ఆమె పెద్ద జీవితచరిత్ర రాసింది. దానిలో ఏ మాట ఏ పత్రంలో ఉందో, ఏది పుకారో, ఏది రూఢియో వేరు చేసి చూపింది. ఆ పుస్తకం చదివి ఈ నవలకి వచ్చినవాళ్ళకి, అంత తెలిసిన మనిషి ఇంత తేలిగ్గా ఎందుకు రాసిందన్న నిరాశ కలగడం సహజం. ఇంగ్లీషు పాఠకుల్లో కూడా ఈ నవల మీద వచ్చిన పెద్ద గొడవ ఇదే.

దానికి ఎదురు మాట మా బృందంలోనే ఒక ఇల్లాలు అన్నారు. "రాజుగారికి పాతికమంది ఉంపుడుగత్తెలున్నారని రాస్తే చరిత్ర, ముప్పై ఏళ్ళ రాణికి కోరిక ఉందని రాస్తే బూతా?" అని అడిగారు. సభ ఒక్క క్షణం ఏమీ అనలేకపోయింది. ఈ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేయకూడదు. సన్యాసుల ఆశ్రమంలాంటి కాపురం నుంచి బయటపడిన స్త్రీ, తన ఇష్టంతో ఒక కుర్రవాణ్ణి వరించిందంటే అందులో దేహం లేదనడం కూడా అబద్ధమే. ఆ కాలపు చరిత్రకారులు దాదాపు అంతా మఠాల్లో, చర్చిల్లో పెరిగినవాళ్ళు. వాళ్ళు ఆమె కోరికని పాపంగా రాశారు. నవలా రచయిత్రి దాన్ని మామూలు మనిషి కోరికగా రాసింది. ఆ మేరకు ఆమె మేలే చేసింది.

నాకు లోటనిపించింది ఇంకోచోట. శృంగారం ఉండటం తప్పని నేననుకోను. కానీ ఆ పేజీల్లో ఎలినార్ తన సీమ గురించి, తన పన్నుల గురించి, తన సామంతుల గురించి ఆలోచించే స్త్రీగా తక్కువ కనిపిస్తుంది. హెన్రీని చేసుకోవడంలో మోహం ఎంతుందో లెక్క అంతుంది. ఒంటరిగా ఉన్న సంస్థానపు దొరసానిని ఎత్తుకుపోయి బలవంతంగా పెళ్ళాడితే ఆ సీమంతా వాడిదయ్యే రోజులవి. పెళ్ళి రద్దయి ఇంటికి వెళ్తున్న దారిలోనే ఆమెని పట్టుకోవాలని కాచుకున్నవాళ్ళున్నారు. అందులో ఒకడు హెన్రీ తమ్ముడే. అలాంటి దారిలో గుర్రం మీద వెళ్తున్న స్త్రీ బుర్రలో ఏం నడుస్తుంది? పాఠకుడికి కావలసింది అది. పత్రాల్లో ఉన్నదానికంటే చిన్న మనిషిగా ఆమెని చూపించే హక్కు మాత్రం నవలకి లేదనుకుంటాను.

సంభాషణల మీద కూడా ఫిర్యాదులొచ్చాయి. పాత్రలు తమకి ఎప్పుడో తెలిసిన సంగతుల్ని మనకోసం ఒకరికొకరు చెప్పుకుంటారని, మాటతీరు మరీ నేటికాలపు మాటతీరని అన్నారు. నిజమే. చారిత్రక నవలలన్నిటికీ ఉన్న తిప్పలు కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఉండను.

అసలు సంగతికి వస్తాను. మా బృందంలో ఎక్కువమంది అన్నమాట: "పేరు బందీ రాణి. కానీ చెర ఎక్కడ?" నవల పేరు చూసి కొన్న పాఠకుడు రాణి పట్టుబడేదాకా రావడానికి చాలా దూరం నడవాలి. వచ్చాక, పదిహేనేళ్ళు దాటిన ఆ చెర గబగబా గడిచిపోతుంది. ఎవరో వచ్చి కబురు చెబుతారు, కొడుకు పోయాడంటారు, ఇంకో కోటకి మారుస్తారు. కాలం కదులుతుంది, మనసు కదిలినట్టు అనిపించదు.

ఈ లోటు తెలుగు పాఠకులకి మరింత పదునుగా తగలడానికి కారణముంది. మనకి చెర అనగానే అశోకవనం గుర్తొస్తుంది. సుందరకాండ పారాయణ చేసిన ఇళ్ళలో పెరిగినవాళ్ళం. అక్కడ కథ బందీ దగ్గర ఆగుతుంది. ఆమె ఎవరితో ఎలా మాట్లాడింది, గడ్డిపోచ అడ్డం పెట్టి రావణుడికి ఏం జవాబు చెప్పింది, ఎప్పుడు ప్రాణం మీద విరక్తి పుట్టింది, ఎవర్ని నమ్మింది, ఎందుకు నమ్మడానికి జంకింది, అన్నీ అక్కడున్నాయి. వానరుడి సాహసం ఎంత ఉన్నా చెట్టు కింద కూర్చున్న స్త్రీ మనసే ఆ కాండకి ప్రాణం. ఆ చదువుతో వచ్చిన పాఠకుడు ఇంగ్లండ్ కోటలో ఉన్న రాణి దగ్గర కూడా అంతసేపూ కూర్చుందామనే వస్తాడు.

నవలా రచయిత్రిని పూర్తిగా తప్పుపట్టేముందు ఆ పదిహేనేళ్ళ గురించి చరిత్ర దగ్గర ఏముందో చూడాలి. చాలా తక్కువ. ఉన్నవాటిలో ముఖ్యమైనవి లెక్కల చుట్టలు. ఇంగ్లండ్ ఖజానావాళ్ళు ఏటేటా ప్రతి జిల్లా జమాఖర్చులూ గొర్రెతోలు పత్రాల మీద రాయించి, వాటిని కలిపికుట్టి గుండ్రంగా చుట్టి దాచేవాళ్ళు. పైప్ రోల్స్ అంటారు వాటిని. రాణి పోషణకి ఏ కాపలా అధికారికి ఎంత ముట్టిందో వాటిలో కనిపిస్తుంది. ఒక పద్దులో ఎర్రని విలువైన బట్టతో పైవస్త్రాలు, బూడిదరంగు బొచ్చుతోలు, కుట్టుపని చేసిన దుప్పటి. ఇంకోచోట బంగారుపూత జీను. అంటే చీకటి కొట్లో సంకెళ్ళు వేసి ఉంచలేదు. కోటల్లోనే, కాపలాలో, ఒక చోటు నుంచి ఇంకోచోటికి మారుస్తూ ఉంచారు. ఎక్కువగా వినిపించేది పాత సాల్స్‌బరీ కోట. గుట్ట మీద గాలికి ఎదురుగా ఉండేది, నీళ్ళకి కటకట. ఆ ఇబ్బందులు పడలేకే తర్వాతి శతాబ్దంలో అక్కడి కతీడ్రల్‌ని కింది మైదానానికి తరలించారు.

బట్టల లెక్క ఉంది. మనసు లెక్క లేదు. ఒక్కచోట మాత్రం తెర కాస్త పక్కకి తొలగుతుంది. 1183 జూన్‌లో ఆమె కొడుకు, తండ్రి బతికుండగానే పట్టాభిషేకం జరిగిన యువ హెన్రీ, మార్టెల్ అనే ఊళ్ళో విరేచనాల రోగంతో పోయాడు. 28 ఏళ్ళవాడు. ఆ కబురు తల్లికి చెప్పడానికి వెల్స్ చర్చి అధికారి థామస్ అనే ఆయన్ని పంపారు. ఆయన తర్వాత రాసినదాని ప్రకారం, రాణి అప్పటికే ఒక కల కన్నది. కొడుకు తల మీద ఒకదానిపైన ఒకటి రెండు కిరీటాలు. కిందిది మసకబారింది, పైది కళ్ళు చెదిరే వెలుగు. కిందిది ఈ లోకపు రాజ్యమని, పైది ముగింపులేనిదని, కొడుకు పోయాడని తనకి తెలిసిపోయిందని ఆమె ఆయనతో అన్నది. కబురు తెచ్చినవాడు చెప్పకముందే చెప్పించుకోవాల్సిన మనిషి చెప్పేసింది.

ఆ కల సంగతి నేను చెప్పినప్పుడు, పిల్లలిద్దరూ సముద్రాల అవతల స్థిరపడిన మా బృందంలోని ఒక పెద్దావిడ, "ఫోను మోగకముందే మనకి తెలిసిపోతుంది" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ ఒక్కమాటతో 12వ శతాబ్దపు రాణి మా గదిలోకి నడిచొచ్చింది. ఒక మతాధికారి తన ప్రసంగంలో భక్తి కోసం రాసుకున్న సంగతి అది, అందులో ఆమె అన్నదెంతో ఆయన అల్లిందెంతో విడదీయలేం. అయినా ఎనిమిది వందల ఏళ్ళకి పైబడిన దూరం దాటి ఒక తల్లి ఇంకో తల్లికి అందింది. నవల చెయ్యగలిగిన పని ఇదే.

ఈ రాణి మాట నేరుగా ఆమె కలం నుంచి మనకి రాలేదన్నది గుర్తుంచుకోవాలి. 1173లో తిరుగుబాటు మొదలవగానే రూవాన్ ఆర్చిబిషప్ ఆమెకి ఉత్తరం పంపాడు. కొడుకుల్ని తీసుకుని భర్త దగ్గరకి వెళ్ళమని, లేకపోతే చర్చి శిక్ష తప్పదని బెదిరింపు. ఆ ఉత్తరం కూర్చిన కలం పీటర్ ఆఫ్ బ్లవా అనే పండితుడిది. ఇరవై ఏళ్ళ తర్వాత కొడుకు రిచర్డ్ జర్మనీలో బందీగా ఉన్నప్పుడు, అతన్ని విడిపించడం లేదని పోప్ మీద మండిపడుతూ ఎలినార్ పేరుతో మూడు ఉత్తరాలు వెలువడ్డాయి. తల్లి గుండె ఎంత మంటెత్తిపోతుందో వాటిలో ఉంది. అవీ కూర్చింది అదే పీటర్. అవి పోప్ దాకా చేరాయా అని కూడా చరిత్రకారులకి అనుమానముంది. లొంగమని చెప్పిన చేతే ఆమె ఆగ్రహాన్నీ రాసింది. ఇంత సంపన్నురాలు, ఇంతకాలం పాలించిన స్త్రీ, ఇతరుల సిరాలోనే మనకి మిగిలింది. అలాంటి మనిషికి మాట ఇవ్వడానికే చారిత్రక నవల పుట్టిందని నా నమ్మకం. పాఠకులు ఈ నవలని నిలదీసింది అందుకే.

మా చర్చలో అన్నిటికంటే వేడిగా సాగింది ఆమె తప్పొప్పుల సంగతి. పిల్లల్ని కన్నతండ్రి మీదికి ఉసిగొల్పిన తల్లికి ఆ శిక్ష తగిందేనని బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన గట్టిగా అన్నారు. ఆయన ఒక్కరి మాట కాదిది. ఆ కాలంలో చాలామంది అన్నారు, తర్వాతి శతాబ్దాల్లో ఇంకా పెంచారు. హెన్రీ ప్రేయసి రోజమండ్ క్లిఫర్డ్ సుమారు 1176లో పోయింది. ఎలినార్ ఒక చిక్కుదారుల తోటలోకి దారం పట్టుకుని వెళ్ళి ఆమెకి విషమిచ్చి చంపిందని తర్వాతి కాలంలో కథలల్లారు, గేయాలు కట్టారు. అప్పటికి రాణి కాపలాలో ఉంది. తోట దాకా కాదుకదా, కోట గుమ్మం దాకా తన ఇష్టంతో వెళ్ళలేదు. అయినా జనం ఆ కథని ఇష్టపడ్డారు. చెరలో ఉన్న స్త్రీని దోషిగా చూస్తే, చెరపెట్టినవాడి గురించి ఆలోచించే శ్రమ తప్పుతుంది. పాఠకుల తీర్పు ఎప్పుడూ న్యాయంగానే ఉంటుందని నేను అనడంలేదు. నవల వాళ్ళకి ఏం చూపించిందన్నదాన్ని బట్టి కూడా అది మారుతుంది.

ఆమె ఎందుకు తిరగబడిందన్నదానికి వియర్ నవల భర్త పరాయి స్త్రీ సంబంధానికి చాలా చోటిస్తుంది. మాలో న్యాయవాదిగా పనిచేసే ఒకావిడ దీన్ని ఒప్పుకోలేదు. రాజులకి ప్రేయసులుండటం ఆనాటి రాణులకి కొత్త కాదు, అక్విటేన్ తన పుట్టింటి ఆస్తి, దాన్ని హెన్రీ తన సామ్రాజ్యంలో ఒక తాలూకాగా చూడటం మొదలుపెట్టాడు, గొడవ అక్కడుంది అని ఆవిడ వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. 1173 మొదట్లో తులూజ్ ప్రభువు హెన్రీకీ, యువ హెన్రీకీ కూడా విధేయత ప్రకటించాడు. తులూజ్ తమ పూర్వీకుల హక్కని ఎలినార్ వంశం ఎప్పటినుంచో చెప్పుకుంటోంది, ఆ విధేయత తనకే రావలసిందని ఆమె అనుకోవడం సహజం. అసూయతో పోల్చితే ఆస్తి తగువు నవలకి రుచించదని రచయితలు అనుకుంటారేమో. మన పల్లెల్లో పుట్టింటి పొలం తగువు చూసిన ఏ పాఠకుడైనా అందులో ఎంత ఉద్వేగం ఉంటుందో చెబుతాడు.

చదివిన కొందరు ఇతర రచనలతో పోల్చారు. షారన్ కే పెన్‌మన్ 2008లో రాసిన 'డెవిల్స్ బ్రూడ్' 1172లో మొదలై హెన్రీ మరణం దాకా, అంటే దాదాపు ఈ చెర కాలాన్నే పట్టుకుంటుంది. తండ్రీ కొడుకుల రాజకీయం అందులో దట్టంగా ఉందని, కాస్త ఓపిక కావాలని అన్నారు. ఎలిజబెత్ చాడ్విక్ మూడు నవలలుగా రాసింది, 2013 నుంచి 2016 దాకా. సినిమా ప్రియులు 'ద లయన్ ఇన్ వింటర్' ఎత్తారు. 1968లో వచ్చిన ఆ సినిమాలో కాథరిన్ హెప్‌బర్న్ ఎలినార్‌గా నటించి ఆస్కార్ తెచ్చుకుంది. 1183 క్రిస్మస్‌కి షినోన్ కోటలో కుటుంబమంతా కలిసినట్టు చూపించారు. అలాంటి కలయిక జరగలేదు, పూర్తిగా కల్పన. కానీ అందులో ఎలినార్ మాట్లాడితే ఎదుటివాడు తడుముకోవాలి. కల్పించిన పండగలో ఆమె మేధ సత్యంగా ఉంది. పాఠకులు కల్పనకి ఎదురు కాదని ఇక్కడే తెలుస్తుంది.

చెర చివరి ఏళ్ళు ఇంకా వింతగా ఉంటాయి. 1184 క్రిస్మస్‌కి ఆమెని విండ్సర్ రాజసభకి రానిచ్చారు. 1185లో హెన్రీ ఆమెని నార్మండీకి పిలిపించుకుని, ఆమె పుట్టింటి పోటూ సీమని తల్లికి తిరిగి అప్పగించమని రిచర్డ్‌కి హుకుం వేశాడు. రిచర్డ్ ఇచ్చాడు. బందీగా ఉన్న మనిషి పేరు మీద భూమి, ఆ భూమి పెత్తనం చెరపెట్టినవాడి చేతిలో. ఆ పత్రం ముందు కూర్చున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంది? నవల రాసేవాళ్ళు నెలల తరబడి కూర్చోవలసిన ఘట్టం ఇది.

1189లో హెన్రీ పోగానే విలియం మార్షల్ అనే యోధుడు విడుదల ఆజ్ఞతో వించెస్టర్ వచ్చాడు. వచ్చేసరికే ఆమె స్వేచ్ఛగా ఉంది. కాపలావాళ్ళకి గాలి ఎటు మళ్ళిందో తెలిసిపోయింది. కొడుకు రిచర్డ్ ఇంకా సముద్రం దాటి రాకముందే ఆమె అతని పేరు మీద ఇంగ్లండ్ అంతా తిరిగి ప్రమాణాలు చేయించింది. తూనికలు, కొలతలు దేశమంతా ఒకేలా ఉండాలంది. ఆ పనులన్నిటికంటే మా బృందాన్ని పట్టుకున్నది ఇంకొకటి. జైళ్ళలో ఉన్నవాళ్ళని వదిలిపెట్టించింది. రోజర్ ఆఫ్ హౌడెన్ అనే సమకాలిక చరిత్రకారుడు దానికి కారణం కూడా రాశాడు. చెర మనిషికి ఎంత దుర్భరమో, విడుదల ఎంత ప్రాణమిస్తుందో తన అనుభవంతో ఆమెకి తెలుసునట. పదిహేనేళ్ళ మౌనం తర్వాత ఆ చెర ఆమె మీద ఏం చేసిందో చెప్పే సాక్ష్యం ఇది. పగ తీర్చుకునే అవకాశం వచ్చినప్పుడు ఆమె తలుపులు తీయించింది.

ఆ తర్వాత రిచర్డ్‌ని విడిపించడానికి 1,50,000 మార్కుల విమోచన సొమ్ము కోసం దేశాన్ని కదిలించి, డెబ్భై ఏళ్ళ వయసులో స్వయంగా జర్మనీ వెళ్ళింది. 1200లో పిరనీస్ కొండలు దాటి మనవరాలు బ్లాంష్‌ని ఫ్రాన్స్‌కి కోడలిగా తెచ్చింది. 1204లో పోయింది. ఫాంటెవ్రో మఠంలో ఆమె సమాధి మీద శిల్పం పుస్తకం తెరిచి పట్టుకుని పడుకుని ఉంటుంది. పక్కనే రాజదండంతో హెన్రీ. ఆమె జీవితాన్ని కథగా రాసేవాళ్ళు చదువుకునే స్త్రీని రాయాలని ఆ రాయే అడుగుతోంది.

మా బృందంలో అందరికంటే చిన్నది, డిగ్రీ చదివే అమ్మాయి. అందరూ మాట్లాడటం అయ్యాక ఆ అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. పైప్ రోల్స్‌లో రాణితో పాటు అమారియా అనే పరిచారిక పేరు కనిపిస్తుంది. రాణికీ ఆ పరిచారికకీ కలిపే బట్టలు కొన్నట్టు పద్దు రాశారు. నవలలోనూ ఆ పాత్ర ఉంది, రాణికి తోడుగా. "రాణి తిరుగుబాటు చేసింది, చెరపడింది. అమారియా ఏం చేసిందండీ?" అని అడిగింది. రాణికి కొడుకులున్నారు, సామంతులున్నారు, విడుదలైతే వెళ్ళడానికి సింహాసనం ఉంది. ఈ పరిచారికకి ఊరేది, తల్లెవరు, ఎన్నేళ్ళు ఆ గుట్ట మీద ఉంది, రాణి బయటికొచ్చిన రోజు తనెక్కడికి వెళ్ళింది? ఎవరూ అడగలేదు కాబట్టి ఎక్కడా రాయలేదు.

ప్రశ్న వేసిన అమ్మాయి ఈ పరిచారిక మీద నవల రాయాలనుకుంటోందని తర్వాత తెలిసింది. తెలుగులోనే రాస్తానంటోంది. తెన్నేటి సూరి ఎక్కడో మంగోలియా గడ్డి మైదానాల కథని తెలుగులో రాస్తే మన పాఠకులు తమ కథలాగా చదువుకున్నారు కాబట్టి ఇంగ్లండ్ కోటలోని పరిచారిక కథ మనకి దూరమని నేననుకోను. ఆ నవలకి కావలసిన పుస్తకాలు తెప్పించే ఏర్పాటు గ్రంథాలయం చెయ్యాలని, మాస్టారి పేరు మీద ఉన్న నిధిలోంచి కొంత దానికి కేటాయించాలని ఈ సభ ముందు కోరుతున్నాను. అధ్యక్షులవారు ఒప్పుకుంటే ఆ అమ్మాయిని వేదిక మీదికి పిలుస్తాను.